సత్రపట్టికి పోయిన చెంగావి తోక

రెండు వేల ఇరవై రెండులో రాజపాళయం మొత్తం మీద, నిండు చూలుతో ఉన్న గప్పీ చేపను అద్దంలోంచి ఒక్కసారి చూసి, దాని కడుపున పుట్టబోయే కొడుకుల తోక ఏ రంగో చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు. బజారు వెనక సందులో అతని చేపల కొట్టు. నలభై రెండు తొట్లు. మదురై నుంచి కూడా జనం వెతుక్కుంటూ వచ్చేవారు. పోయిందనుకున్న ఒక చేపల వంశాన్ని కాగితం మీద నాలుగు గీతలు గీసి వెనక్కి తెచ్చింది కూడా అతనే. ఆ మనిషిని నేనే.

నాకిప్పుడు డెబ్బై నాలుగు. స్పిన్నింగ్ మిల్లులో పత్తి కొనుగోలు చూసేవాణ్ణి. ఏటా కొన్ని నెలలు ఆదోని వైపు తిరగడంతో తెలుగు లిపి పట్టుబడింది. మా ఊళ్ళో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎందరో ఉన్నా, బళ్ళో చదివేది తమిళం కాబట్టి ఈ అక్షరాలు చదవగలిగినవాళ్ళు తక్కువ. అందువల్ల తెలుగులో నేనేం రాసినా ఇక్కడ నిలదీసేవాళ్ళు ఉండరన్న ధైర్యం నాకు మొదటినుంచీ ఉంది.

రిటైరైన తర్వాత చేపల కొట్టు పెట్టుకుంటే మనసు ప్రశాంతంగా ఉంటుందని నాకెవరో చెప్పారు. ఆ మనిషి కోసం ఇప్పటికీ వెతుకుతున్నాను. కుళాయి నీళ్ళు తిన్నగా తొట్లో పోసి, తెల్లారేసరికి చేపలన్నీ తేలాయని నా మీదికి వచ్చేవాళ్ళు, చేపలకు ఇడ్లీ పెట్టేవాళ్ళు, తొట్టి ఏ మూలన పెడితే కలిసివస్తుందని అడిగేవాళ్ళు, అందరూ నా కొట్టుకే వస్తారు. గప్పీలు కొనేవాళ్ళు వీళ్ళందరినీ మించినవాళ్ళు. గప్పీ గుడ్లు పెట్టదు, నెలకోసారి పిల్లల్నే కంటుంది. జత కొనుక్కుపోతారు, పిల్లలు పెరిగి రంగు తేలగానే వచ్చి, "వీటికి తండ్రి పోలిక రాలేదు" అంటారు. నేనేదో ఆ తండ్రి తరఫు పెద్దమనిషినైనట్టు.

ఇలాంటివాళ్ళందరినీ ఒక పక్క పెట్టి, జానకిని ఇంకో పక్క పెట్టినా జానకే బరువు తూగుతుంది.

ఆమెది తళవాయిపురం. ఇంట్లోనే మిషను పెట్టుకుని నైటీలు కుడుతుంది. నలభై అయిదేళ్ళు ఉంటాయి. ఆ ఏడు ఫిబ్రవరిలో ఒక గురువారం ఊరగాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని బస్సు దిగి నా కొట్టుకు వచ్చింది. జాడీలో ఒకే ఒక మగచేప. ఒంటిమీద సన్నని గొలుసు అల్లిక, పాము చర్మంలా. దాన్ని మా వృత్తిలో స్నేక్‌స్కిన్ అంటాం. తోక మాత్రం నేనంతకు ముందు చూడని ఎరుపు. పాతకాలపు చెంగావి చీర రంగు. పదేళ్ళకు పైగా చేపల మధ్య బతికినవాణ్ణి, అయినా లేచి నిలబడి చూశాను.

"మా నాన్న పెంచిన చేప మామా," అంది. "పదిహేనేండ్లు నాలుగు సిమెంటు తొట్లలో పెంచినాడు. పోయిన దీపావళికి ముందు నాన్న పోయినాడు. ఇంటినిండా జనం. ఎవరో మంచికే అని తొట్లు కడిగి బ్లీచింగ్ పొడి వేసినారు. కిటికీలో జాడీలో రెండు మగవి ఉండె. ఒకటి మొన్న పోయినాది. ఇది ఒక్కటే ఉండాది."

"ఇప్పుడు నీకేం కావాల?"

"ఈ ఒళ్ళు, ఈ తోక, రెండూ ఒక చేపలో కావాల. నాన్న చేప మా తొట్లో మళ్ళీ ఈదాల. అంతే."

"నాలుగు నెలలు," అన్నాను. "నాలుగు నెలల్లో తొట్టి నింపి ఇస్తాను."

ఆడచేపను ఎంచి ఇవ్వమంది. నేను టార్చి వేసి తొట్టిలోకి అటూ ఇటూ చూసి, ఒకదాన్ని పట్టి, "దీని కడుపున ఎర్రతోకే పుడుతుంది" అని ఇచ్చాను.

ఇక్కడ ఆగి ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆడగప్పీని చూసి కొడుకుల తోక రంగు చెప్పడం ఎవరి తరమూ కాదు. చాలా రకాల్లో ఆడవి బూడిద రంగులోనే ఉంటాయి. రంగు లోపల దాచుకుంటాయి తప్ప బయటికి చూపవు. నేను నలుగురికి నాలుగు రంగులు చెప్పేవాణ్ణి. నిజమైనవాడు ఊరంతా చెప్పుకునేవాడు, తప్పినవాడు తన నీళ్ళ దోషమనుకుని ఊరుకునేవాడు. పనిలో పనిగా, తొట్లు నలభై రెండు కావు, పందొమ్మిది. మదురై నుంచి వచ్చింది ఒకాయన, ఆయన కూడా కుర్తాళం జలపాతానికి పోతూ టీకి ఆగినవాడు.

మార్చి నెలాఖరుకు జానకి మళ్ళీ వచ్చింది. పిల్లలు పుట్టాయట, పెరిగాయట, రంగు తేలాక చూస్తే అన్నీ నీలం చుక్కలవి. అచ్చం నా మూడో తొట్టిలోని మగచేపల్లా. తప్పు నాదే. ఆడగప్పీ ఒక్కసారి మగచేపతో కలిస్తే ఆ బీజాన్ని నెలల తరబడి కడుపులో దాచుకుని, కాన్పు తర్వాత కాన్పు దానితోనే కంటుంది. నేనిచ్చింది నా తొట్టిలో కాపురం చేసి వచ్చిన ఆడచేప. కావలసింది వర్జిన్ ఫీమేల్, అంటే మగచేప ముఖం చూడనిది. పిల్లలు మూడు వారాలవి అయ్యేసరికి, పొట్ట వెనక గ్రావిడ్ స్పాట్ అనే నల్ల మచ్చ కనిపించినవాటిని ఆడవని గుర్తుపట్టి వేరే సీసాలోకి మార్చాలి. ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. ఆ రోజు బద్ధకం.

"మూడు వారాలకే వేరు చేయాల," అని ఆమెకు గట్టిగా చెప్పాను, తప్పు ఆమెదైనట్టు. అలా విడిగా పెంచిన ఆడచేపలు నా దగ్గర మూడు ఉంటే అవి ఇచ్చాను.

జూన్‌లో పిల్లలు పుట్టాయి. ఈసారి నేను చెప్పినట్టే జానకి మూడో వారానికి మగవి ఒక తొట్టి, ఆడవి ఒక తొట్టి చేసింది. ఆగస్టులో మగవాటికి రంగు తేలింది. జాడీ నా బల్ల మీద పెట్టింది. ఒంటిమీద గొలుసు అల్లిక, దిద్దినట్టు తండ్రి అల్లికే. తోక మాత్రం గాజు ముక్కలా తెల్లగా ఉంది.

"ఒళ్ళు వచ్చినాది మామా. తోక రాలే."

"వస్తుంది. ఇంకో తరం ఆగు."

"ఆడవాటిని ఏం చేయాల? అన్నాచెల్లెండ్లను ఒక తొట్లో వేసేదానికి నాకు మనసు రాదు."

అప్పుడు నేనిచ్చిన సలహా మూలంగానే ఈ కథంతా నడిచింది. అంతకు కొన్నాళ్ళ ముందు ఒక జంతుశాస్త్రం పుస్తకం చదివాను. మగగప్పీకి ఎక్స్ అని ఒకటి, వై అని ఒకటి ఉంటాయి. ఆడదానికి రెండూ ఎక్స్‌లే. వంశలక్షణాలు మోసే మూటలు అనుకోండి. తండ్రి తన వైని కొడుక్కే ఇస్తాడు, కొడుకు తన కొడుక్కి. స్నేక్‌స్కిన్ ఆ వై మీద నడిచే లక్షణం. అది చదవగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఇది మన గోత్రమే కదా. దీనికి పుస్తకం ఎందుకు, మా ఇళ్ళల్లో పుట్టిన ఎవరైనా చెబుతారు. పుస్తకం అక్కడే మూసేశాను. ఆ తర్వాతి పేజీ తిప్పి ఉంటే ఆరు నెలల తలనొప్పి తప్పేది.

"ఆడవి ఎలాగూ ఇంకో ఇంటికి పోయేవే," అన్నాను. "ఎవరికన్నా ఇచ్చెయ్. మీ నాన్న వంశం మగపిల్లలతో నిలుస్తుంది. నా దగ్గరనుంచి కొత్త ఆడవాటిని తీసుకుపోయి ఈ కొడుకులకు జత చెయ్."

ఆమెకు కూడా అది సబబుగానే తోచింది. సత్రపట్టిలో ఉన్న వాళ్ళ అక్క తొట్లో దోమలకోసం వేసిన మామూలు గప్పీలు ఉండేవి. ఆడవి చచ్చి మగవే మిగిలాయని అక్క అడుగుతోందట. తొమ్మిది ఆడచేపల్ని సంచిలో నీళ్ళు పోసి, గాలి పట్టి, అక్క ఇంటికి అంపకం పెట్టింది.

తర్వాతి నెలలు ఎలా గడిచాయో నన్ను అడగకండి. ప్రతి గురువారం బస్సు దిగేది. నా ముక్కాలిపీట లాక్కుని కూర్చునేది. చేతిలో గుండీలు కుట్టవలసిన నైటీ. కొనడానికి వచ్చినవాళ్ళతో, "అది తీసుకోవద్దు, రెక్క ఒరిగి ఉండాది" అనేది. వాళ్ళు ఆమెను కొట్టు యజమాని అనుకుని, నన్ను పక్కకు జరగమనేవారు. మధ్యమధ్య నావైపు తిరిగి, "తోక ఎప్పుడొస్తుంది మామా?" అనేది. బస్సు ఎప్పుడొస్తుంది అని అడిగినట్టు.

సెప్టెంబరులో ఒక గురువారం జాడీ లేకుండా వచ్చింది. ముసలి మగచేప పోయింది. ఆ రోజు ఆమె కొట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. గుండీలు కూడా కుట్టలేదు.

జనవరిలో మూడో తరం మగవాటికి రంగు తేలింది. ఒళ్ళు తాతదే. తోక గాజుదే. భూతద్దం పెట్టి చూశాను, ఎరుపు ఛాయ కూడా లేదు. ఇంక నాకు ఓపిక చచ్చింది. కొట్లో పని, మోకాలు నొప్పి, ఆ పైన ఇది. నాకు తెలియదని ఒప్పుకుంటే సరిపోయేది. కానీ డెబ్బై దాటినవాడికి అది అంత సులువు కాదు. ఒక్క మాట తూలాను.

"జానకీ, కొందరు చేపలకు మేతలో హార్మోన్ మందు కలిపి రంగు తెప్పిస్తారు. ఆ రంగు పిల్లలకు రాదు. మీ నాన్న కూడా అలా ఏదో పెట్టి ఉంటాడు."

ఆమె నా ముఖంలోకి చూసింది. నైటీ మడిచి సంచిలో పెట్టుకుంది. "మా నాన్న అంగడికి అమ్మేదానికి పెంచలే. చుమ్మా, ఊరికే చూసేదానికి పెంచినాడు. ఎవరికి చూపేదానికి మందు పెడతాడు?" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తర్వాతి గురువారం రాలేదు. ఆ పై గురువారం కూడా రాలేదు. ముక్కాలిపీట ఖాళీగా ఉంది కదా, హాయిగా ఉండాలి. ఉండలేదు. ఒక చేపల వంశం పోవడం వేరు. ఇప్పుడు తళవాయిపురంలో ఒక కూతురు, తన తండ్రి పదిహేనేళ్ళు మోసం చేశాడేమో అని ఒక్క క్షణమైనా అనుకుని ఉంటుంది. ఆ అనుమానం అక్కడ పెట్టి వచ్చింది నేను.

మూడో గురువారం జానకి వచ్చింది. కూర్చోలేదు. అదే ఊరగాయ జాడీ బల్ల మీద పెట్టింది. లోపల ఒక మగచేప. ఒళ్ళు మురికి బూడిద రంగు, దోమల తొట్టి చేపకు ఉన్నట్టే. తోక చెంగావి.

"సత్రపట్టిలో మా అక్క తొట్లో పుట్టినాది. ఇట్లాంటివి అయిదు ఉండాయి. మా అక్క మేత కూడా వేయదు, నీళ్ళలో దొరికింది తింటాయి. దీనికి ఎవరు మందు పెట్టినారు మామా?"

నేను జాడీ వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాను. చేపను చూడటం కంటే ఆమెను చూడకుండా ఉండటానికే ఎక్కువ. తర్వాత క్షమించమని అడిగాను. లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి, మూసేసిన చోట తెరిచి, తర్వాతి పేజీ తిప్పాను.

అక్కడే ఉంది. మగచేప తన వైని కొడుక్కి ఇస్తే, ఎక్స్‌ని కూతురికి ఇస్తుంది. కొడుక్కి ఎక్స్ తల్లినుంచే వస్తుంది. తోక రంగులు కొన్ని ఆ ఎక్స్ మీద నడుస్తాయి. అంటే చెంగావి తోక తండ్రినుంచి కొడుక్కి ఎన్నటికీ పోదు. కూతురి దగ్గరికి పోతుంది, ఆమె బూడిద ఒంట్లో దాక్కుంటుంది, ఆమె కొడుకు తోకలో బయటపడుతుంది. తాత ముక్కు కూతురి కొడుక్కి వచ్చినట్టు. నేను గోత్రం అని గంతులేసి, ఆ రంగు మోస్తున్న ఆడపిల్లలందరినీ పక్క ఊరికి పంపించి, నా తొట్లోంచి తెచ్చిన కోడళ్ళ కడుపున తోక రాలేదని ఆరు నెలలు పళ్ళు కొరికాను.

ఆమెకు చెప్పాను. బట్టలు కత్తిరించే మనిషి, నాకంటే ముందే పట్టుకుంది.

"అయితే ఒళ్ళు ఒక తాను, తోక ఒక తాను," అంది. "ఒళ్ళు గుడ్డ కొడుకు దగ్గర ఉండాది. తోక గుడ్డ కూతురు పట్టుకుపోయినాది."

"ఆమా, అంతే. ఇప్పుడు సత్రపట్టి నుంచి ఆ కూతుర్ని తీసుకురా. నీ దగ్గరున్న కొడుకుతో కలుపుదాం. రెండు గుడ్డలూ ఒకచోట చేరుతాయి."

"వాళ్ళిద్దరూ తోడబుట్టినవాళ్ళు."

"చేపలకు వావి ఏముందమ్మా? మీ నాన్న తొట్లో పదిహేనేండ్లు ఏం జరిగిందనుకుంటున్నావు?"

"అది వాటి ఇష్టం. ఇది నేను చేతితో పట్టి వేసేది. నా చేతితో వేయను."

"వాటికి తెలియదు."

"నాకు తెలుసు. ఆడవి ఇంకో ఇంటికి పోయేవని మీరు చెప్పినప్పుడు చేపలకు గోత్రం ఉండెనా?"

తల గోడకు కొట్టుకోవాలనిపించింది. రెండు ముక్కలూ చేతిలో ఉన్నాయి, సూది ఉంది, దారం ఉంది, ఈమె కుట్టనివ్వదు. అప్పుడు నేను గడ్డం నిమురుకుని, కాగితం తీసి, ముసలి చేపను పైన పెట్టి, కింద కొడుకును, కూతుర్ని గీసి, కూతురి కింద ఇంకో గీత గీశాను.

"అక్క కూతురు," అన్నాను.

మా వైపు అక్క కూతుర్ని మేనమామకు ఇవ్వడం కొత్త కాదు. జానకి కూడా వాళ్ళ అమ్మ తమ్ముణ్ణే చేసుకుంది. సత్రపట్టి తొట్లోని ఆడచేపల కూతుళ్ళకు, జానకి తొట్లోని కొడుకు మేనమామ. ఆ కూతుళ్ళలో కొందరు తల్లినుంచి చెంగావి మోస్తూ ఉంటారు. మేనమామ దగ్గర గొలుసు ఒళ్ళు ఉంది. వరస కుదిరింది, లెక్కా కుదిరింది. జానకి కాగితం చూసి ముఖం విప్పింది. సంవత్సరంలో మొదటిసారి ఆమె నవ్వడం చూశాను.

కాగితం మీద అయిపోయింది కానీ తొట్లో అవడానికి ఇంకో ఎనిమిది నెలలు పట్టింది. సత్రపట్టి తొట్లో పుట్టిన పిల్లల్ని మూడు వారాలకే విడదీసి తెచ్చింది. పన్నెండు మేనకోడళ్ళు. వాటిలో సగం చెంగావి మోసేవి, సగం కానివి, ఏది ఏదో చూసి చెప్పలేం. ఈసారి నేను టార్చి తీయలేదు. ఒక్కోదాన్ని ఒక్కో సీసాలో వేసి, మేనమామను వంతులవారీగా ఒక్కో సీసాలో కొన్ని రోజులు ఉంచాలని చెప్పాను. మిషను పక్కన కిటికీ గట్టు మీద పన్నెండు సీసాలు పెట్టింది. నైటీలు కొనడానికి వచ్చినవాళ్ళు ఇదేం దుకాణమని అడిగేవారట. రెండు ఆడచేపలు పోయాయి. ముసలితనంతో మేనమామ ఈత మందగించింది. గురువారాలు మళ్ళీ మొదలయ్యాయి, "ఎప్పుడొస్తుంది మామా" కూడా.

సెప్టెంబరులో ఒక సోమవారం వచ్చింది. సోమవారం వచ్చిందంటేనే నాకు అర్థమైంది. జాడీలో ఒక కుర్ర మగచేప. ఒంటిమీద గొలుసు అల్లిక. తోక చెంగావి. పది సీసాల్లో నాలుగింటిలో పుట్టాయట, మొత్తం పదమూడు. ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని, చేప అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు చూస్తూ ఉంది.

"నాన్న దీనికి మందు పెట్టలే," అంది.

"పెట్టలేదు," అన్నాను.

ఆ రోజునుంచి కొట్లో ఒక పద్ధతి మార్చాను. అంతకుముందు ప్రతి తొట్టి మీద మగచేప పేరు, అది ఎక్కడినుంచి వచ్చిందో రాసేవాణ్ణి. ఇప్పుడు తల్లి ఎక్కడిదో, తల్లి తండ్రి ఏ రంగువాడో కూడా రాస్తున్నాను. ఆడపిల్లల్ని ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఏ ఇంటికి ఇచ్చానో రాసిపెట్టుకుంటున్నాను. చూడటానికి బూడిద రంగుగా ఉందని ఏ చేపనూ సంచిలో వేసి పంపించేయను. ఈ కేసు నాకు నేర్పిన పని ఇది. డెబ్బై రెండేళ్ళకు నేర్చుకున్నాను, ఆలస్యమే.

ఇంతవరకు రాసి, నిన్న గురువారం జానకి వస్తే చదివి వినిపించాను. ఆమెకు ఈ లిపి రాదు, చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి. గుండీలు కుడుతూ చివరిదాకా విన్నది. దారం పంటితో తెంపింది.

"కొట్టులో తొట్లు పదిహేడు," అంది. "రెండు కారుతాయని మీరే మూల పెట్టినారు."

"సరి."

"అక్క కూతురని చెప్పింది నేను. మీరు కాగితం తెచ్చింది తర్వాత. ఆ రోజు మీరు చెప్పింది, ఎర్రతోక వదిలెయ్, నా దగ్గర నీలం తోక బాగా ఉండాది, అది తీసుకుపో అని."

నేను కలం మూత తీశాను, ఆ చోటు దిద్దుదామని.

"క్షమించమని ఎప్పుడు అడిగినారు? అడగలే. వడ తెప్పించినారు."

"వడ తెప్పించానంటే అదే కదా అర్థం."

"నాన్న మందు పెట్టినాడన్న మాట కూడా ఒకసారి అనలే మామా. మూడుసార్లు అన్నారు. మూడోసారి అన్నప్పుడు కొట్లో నలుగురు ఉండిరి. అది రాయండి."